‘స్త్రీ’ ఎక్కడ తెగింది: దిద్దుబాటును మన దగ్గరే ఉంచుకోవాలా, మూలానికి పంపాలా?

నేతమగ్గం | 2024 జూన్ 8, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక చిన్న సంస్థలో వెబ్ ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. మా పని ఎక్కువగా తెలుగు పత్రికలకు, గ్రంథాలయాలకు, ప్రచురణకర్తలకు వెబ్‌సైట్లు కట్టిపెట్టడం. పోయిన వారం ఒక మాసపత్రిక సైటులో ఒక లోపం బయటపడింది. మొదటి పేజీలో వ్యాసాల శీర్షికలను ఉన్న చోటుకు సరిపడేలా కుదించి, చివర మూడు చుక్కలు పెట్టి చూపిస్తాము. ఒక శీర్షికలో ‘స్త్రీ’ అన్న మాట సరిగ్గా కత్తెర పడే చోటికి వచ్చి, తెరమీద ‘స్త్’ అని పొల్లుతో ఆగిపోయింది. సంపాదకురాలు ఫోన్ చేసి, ఆ ముక్క తమ పత్రిక పేరు కింద ఒక్క గంట కూడా కనిపించకూడదన్నారు. ఆమె అన్న మాట న్యాయమైనదే.

ఆ కత్తిరింపు చేస్తున్నది మేము రాసిన కోడు కాదు. పాఠ్యాన్ని కుదించడానికి వాడుతున్న ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఎవరైనా తీసుకుని వాడుకోగల సిద్ధమైన కోడు, ఆ పని చేస్తోంది, దాని లైసెన్స్ ఎమ్‌ఐటీ. కోడు తెరిచి చూస్తే అరగంటలో కారణం దొరికింది. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటరుకు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు, అంటే ఆరు కోడ్ పాయింట్లు (ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క సంఖ్య). యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచుకుంటే 18 బైట్లు. లైబ్రరీ రాసినవారు ఈ సంగతి తెలియనివారు కారు. కోడ్ పాయింట్ల మధ్య కాకుండా గ్రాఫీమ్ క్లస్టర్ల (కంటికి ఒకే ముక్కగా కనిపించేవాటి) మధ్యనే కత్తిరించాలని జాగ్రత్త పడ్డారు. అయితే ఏవి కలిసి ఉండాలో చెప్పే వారి పట్టిక పాతది, దాని లెక్కలో స్, త్, రీ అనేవి మూడు విడి ముక్కలు.

ముప్ఫై వరుసలతో దిద్దాను, సైటు బాగుపడింది. ఇప్పుడు ఆ ముప్ఫై వరుసలను ఏం చేయాలన్నదే నా ప్రశ్న. మా సంస్థలో పెద్దవారు, దాన్ని మన కాపీలోనే ఉంచేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, దానికి కారణం కూడా ఉంది. ఇంతకుముందు ఇంకో లైబ్రరీని ఇలాగే మా కాపీలో దిద్దుకున్నాము. కొత్త వెర్షనుకు మారితే మా దిద్దుబాటు పోతుందని ఎవరమూ దాన్ని కదపలేదు. ఈలోగా దాని మూలంలో, అంటే రాసినవారి అసలు కోడులో, వచ్చిన ఒక భద్రతా సవరణ పద్నాలుగు నెలల పాటు మాకు అందలేదు. ఒక ఖాతాదారు ఆడిట్ చేయిస్తే గాని ఆ సంగతి తెలియలేదు. మళ్ళీ అదే దారిన పోతున్నామని నా భయం. మీలో ఇలాంటివి మూలానికి పంపినవారు ఉంటే, ఎలా మొదలుపెట్టారో, ఏమి ఎదురైందో చెప్పగలరు.

పాతగట్టు | 2024 జూన్ 8, రాత్రి 11:05

నేతమగ్గం గారూ, మీ సంస్థలో పెద్దవారి వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి కాబట్టి నేను మాట్లాడుతున్నాను. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను.

మొదటిది లైసెన్స్ సంగతి. మార్పులు తిరిగి పంపాలన్న షరతు ఎమ్‌ఐటీలో లేదు. కాపీరైటు ప్రకటనను, లైసెన్స్ పాఠాన్ని తీసివేయకుండా ఉంచితే చాలు. చాలామంది జీపీఎల్ అనే ఇంకో లైసెన్స్ అయితే పంపక తప్పదనుకుంటారు, అదీ పొరపాటే. ప్రోగ్రామును ఎవరికి అందజేస్తామో వారికి మూల కోడు ఇవ్వాలని మాత్రమే జీపీఎల్ అడుగుతుంది. మన సర్వరులో నడుపుకునే దానికి ఆ బాధ్యత పట్టదు. నెట్‌వర్క్ మీదుగా వాడేవారికీ కోడు ఇవ్వాలని అడిగేది ఏజీపీఎల్ అనే వేరే లైసెన్స్. కాబట్టి చట్టం మీ చేత ఈ పని చేయించడం లేదు.

రెండవది, మీరు ఆ ముప్ఫై వరుసలను ఉద్యోగ సమయంలో రాశారు. నియామక పత్రం ఒకసారి తీసి చూడండి. ఉద్యోగి రాసిన కోడు సంస్థకే చెందుతుందని చాలా పత్రాలలో ఉంటుంది. అనుమతి రాతపూర్వకంగా లేకుండా పంపితే రేపు చిక్కు మీకే.

మూడవది, పంపిన కోడు ఎవరి చేతికి పోతుందో మనం చెప్పలేము. ఈ మార్చిలోనే రెడిస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అప్పటిదాకా ఉన్న, ఎమ్‌ఐటీ లాంటి స్వేచ్ఛనిచ్చే బీఎస్‌డీ లైసెన్సును వదిలేసింది. ఎందరో బయటివారు ఉచితంగా పంపిన శ్రమ అందులో ఉంది. ఇన్ని ఆలోచించిన తరువాత కూడా పంపాలనిపిస్తే పంపండి, నేను వద్దనను.

లిపిమిత్ర | 2024 జూన్ 9, ఉదయం 7:20

లైసెన్స్ మాటలకు ముందు సాంకేతిక విషయం ఒకటి తేల్చుకోవాలి, ఎందుకంటే మీరు పంపేది సరైనదా కాదా అన్నది దాని మీదనే ఆధారపడి ఉంది.

ప్రపంచ లిపులకు కంప్యూటరు సంకేతాలు ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో గ్రాఫీమ్ క్లస్టర్ల నియమాలు చాలాకాలం పాటు మన ఒత్తులను కలిపి చూడలేదు. పొల్లు తన ముందున్న హల్లుకు అంటుకునేది, తరువాతి హల్లు విడిపోయేది. అందుకే ‘స్వాతంత్ర్యం’ లాంటి మాట స్, వా, తం, త్, ర్, యం అని ఆరు ముక్కలయ్యేది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 లో దీనికోసం కొత్త నియమం చేరింది: హల్లు, పొల్లు, హల్లు వరుసగా వస్తే మధ్యలో తెగకూడదు. ఇప్పుడు అదే మాట స్వా, తం, త్ర్యం అని మూడు ముక్కలు. 15.1 లో ఈ నియమం వర్తించే లిపులు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం. మీ లైబ్రరీ పట్టిక అంతకుముందుది అయి ఉంటుంది. కాబట్టి మీరు పంపవలసినది తెలుగు కోసం ఒక ప్రత్యేక మినహాయింపు కాదు, ప్రమాణంలో ఇప్పటికే ఉన్న నియమం. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మినహాయింపు అడిగితే లైబ్రరీని చూసుకునే నిర్వాహకుడికి అది ఒక బరువుగా కనిపిస్తుంది. ప్రమాణం చూపిస్తే తన లైబ్రరీలో మిగిలిపోయిన పనిగా కనిపిస్తుంది.

ఇంకొకటి. వెబ్ పేజీల ప్రోగ్రాములు రాసే జావాస్క్రిప్ట్‌లో పాఠ్యాన్ని ముక్కలు చేయడానికి సెగ్మెంటర్ అనే సదుపాయం ఇప్పుడు బ్రౌజర్లలోనే ఉంది. క్రోమ్‌లో 2020 నుంచి ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో ఈ ఏప్రిల్‌లో వచ్చిన 125వ వెర్షనుతో చేరింది. అంటే సొంత పట్టిక మోయవలసిన అవసరమే తగ్గుతోంది. ఆ లైబ్రరీ వారు పట్టికను దిద్దడం కంటే దీనికి మారడమే మేలనవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి.

దీనికి దగ్గరిదే కాబట్టి ఎస్ఎమ్ఎస్ సంగతీ చెబుతాను. ఇంగ్లీషు సందేశానికి 160 అక్షరాల చోటుంటే తెలుగు సందేశానికి 70 మాత్రమే, అందులో ‘స్త్రీ’ ఒక్కటే ఆరు తినేస్తుంది. అక్కడ హద్దును కోడ్ పాయింట్ల లెక్కనే చూసుకోక తప్పదు. అయితే హద్దు ఏ లెక్కలో ఉన్నా, కత్తెర మాత్రం క్లస్టరు అంచునే పడాలి. చాలా లైబ్రరీలు ఈ రెండు పనులను కలిపేసి తప్పు చేస్తాయి.

తొలిఅడుగు | 2024 జూన్ 9, ఉదయం 10:15

నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం విద్యార్థిని. ఇలాంటి తప్పులు నాకూ కనిపించాయి గాని ఎప్పుడూ పంపలేదు. కోడు రాయగలను, దాని కింద ఇంగ్లీషులో నాలుగు మాటలు రాయాలంటే చేయి ఆడదు. రాసిన దాంట్లో తప్పు పట్టుకుని అందరి ముందు తిరస్కరిస్తే అది నా పేరు మీద ఎప్పటికీ ఉండిపోతుందేమోనని భయం. పెద్దలు మొదట్లో ఈ భయాన్ని ఎలా దాటారో తెలుసుకోవాలని ఉంది.

గూటిపడవ | 2024 జూన్ 9, మధ్యాహ్నం 3:30

నేను అవతలి ఒడ్డున ఉన్న మనిషిని. తేదీలను, కాలమానాలను మార్చి చూపించే ఒక చిన్న లైబ్రరీని తొమ్మిదేళ్ళుగా హైదరాబాదు నుంచి ఒక్కడినే చూసుకుంటున్నాను. దానికి నాకు జీతం లేదు. పిల్లలు పడుకున్న తరువాత దొరికే గంటలోనే ఆ పని జరుగుతుంది.

పాతగట్టు గారు రెడిస్ సంగతి చెప్పారు. ఆ కథలో రెండో సగం కూడా చెప్పాలి. లైసెన్స్ మారిన కొద్ది రోజులకే, బీఎస్‌డీ కింద ఉన్న 7.2.4 వెర్షను నుంచి వాల్కీ అనే ఫోర్క్ (విడిగా సాగే కాపీ) లైనక్స్ ఫౌండేషన్ అనే సంస్థ నీడన మొదలైంది. అప్పటిదాకా బయటివారు పంపిన కోడంతా అందులో పదిలంగానే ఉంది. స్వేచ్ఛగా ఇచ్చిన దానిని వెనక్కి లాక్కోవడం సాధ్యం కాదు, లైసెన్స్ బలం అంతా అక్కడే ఉంది. అయితే రాతపూర్వకమైన అనుమతి గురించి వారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక చిన్న ఈమెయిల్ అయినా సరే, ముందు తీసుకోండి.

ఇక నేతమగ్గం గారికి నా మనసులో మాట చెబుతాను. నాకు ప్యాచ్‌లు, అంటే బయటివారు పంపే దిద్దుబాట్లు, వస్తే సంతోషమే, కానీ అన్ని ప్యాచ్‌లూ సాయం కావు. ఒకాయన మూడు వందల వరుసలు పంపి, ఇది మా దేశపు పంచాంగానికి కావాలి అని ఒక్క వాక్యం రాసి వెళ్ళిపోయారు. ఆ పంచాంగం నాకు తెలియదు. కలుపుకుంటే రేపు అందులో వచ్చే ప్రతి తప్పుకూ నేనే జవాబుదారీ. కలుపుకోకపోతే మొండివాడిననిపించుకోవాలి. రెండు నెలలు తేల్చుకోలేక చివరికి మూసేశాను. నేను అడిగిన ప్రశ్నకు ఆయన ఒక్క జవాబు ఇచ్చి ఉంటే అది ఈరోజు లైబ్రరీలో ఉండేది.

ఈ మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం అందరికీ గుర్తుండే ఉంటుంది. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పంపిణీలలో అంతటా ఉండే కుదింపు సాఫ్ట్‌వేర్ అది. ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా దాన్ని చూసుకుంటూ అలసిపోయిన నిర్వాహకుడి మీద కొన్ని ఖాతాల నుంచి ఒత్తిడి వచ్చింది, సాయానికి వచ్చినట్టు నటించిన ఒక వ్యక్తి రెండేళ్ళకు పైగా ఓపికగా నమ్మకం సంపాదించాడు, చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, దూరపు కంప్యూటరులోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించి తవ్వుకుంటూ పోకపోతే అది ఎంత దూరం వెళ్ళేదో. ఆ తరువాత నాలాంటివాళ్ళకు కొత్త మనిషి పంపిన కోడును నమ్మడం ఇంకా కష్టమైంది. మీ మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు. మీ ప్యాచ్‌ను చదివే మనిషి ఏ స్థితిలో ఉంటాడో తెలియాలనే చెబుతున్నాను.

కాబట్టి నా సలహా ఇది: కోడు కంటే ముందు పరీక్షలు, అంటే కోడు సరైన ఫలితం ఇస్తోందో లేదో దానంతట అదే చూసే చిన్న ప్రోగ్రాములు, పంపండి. ఏ మాట ఎక్కడ తెగవచ్చు, ఎక్కడ తెగకూడదు అన్నది తెలుగు చదవలేని నిర్వాహకుడు ఊహించలేడు. ముప్ఫై వరుసల సవరణ ఆయన కూడా రాసుకోగలడు. ‘స్వాతంత్ర్యం’ మూడు ముక్కలని చెప్పగలిగేది మనమే. ఆ పరీక్షలు ఒకసారి లోపలికి వెళితే, రేపు ఆ కోడును ఎవరు తిరగరాసినా తెలుగు విరిగితే ఎర్ర గుర్తు దానంతట అదే వెలుగుతుంది.

తొలిఅడుగు గారూ, మీ ఇంగ్లీషు గురించి ఎవరూ పట్టించుకోరు. ఏమి చేస్తే ఏమి జరిగింది, ఏమి జరగాలి అన్న మూడు సంగతులు ఉంటే చాలు. తిరస్కరణలు నాకూ ఉన్నాయి, అవి ఈరోజుకీ నా పేరు మీద కనిపిస్తూనే ఉన్నాయి. నన్ను ఎవరూ వాటిని బట్టి కొలవలేదు.

అచ్చుతప్పు | 2024 జూన్ 10, ఉదయం 6:50

నేను ప్రోగ్రామర్‌ను కాను, ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దుతాను. మీ సంభాషణంతా చదివాను, రెండు సంగతులు చెప్పాలనిపించింది.

ఒకటి, మీరందరూ క్లస్టరును అక్షరం అంటున్నారు. దయచేసి ఆ పరీక్షల వివరణలో అలా రాయకండి. ఛందస్సులో ‘వచ్చెన్’ అన్నది రెండక్షరాలే, చివరి నకారపు పొల్లు ముందున్న అక్షరంలో చేరిపోయి దాన్ని గురువును చేస్తుంది. మీ ప్రమాణం ప్రకారం అది వ, చ్చె, న్ అని మూడు ముక్కలు కదా. కత్తిరింపుకు మీ లెక్క సరిపోతుంది గాని, రేపు ఎవరైనా దీన్ని నమ్ముకుని పద్యానికి గణాలు లెక్కించే ప్రోగ్రాము రాస్తే అంతా తప్పుతుంది. కత్తెర పడకూడని ముక్క అనండి, ఇంకేదైనా అనండి, అక్షరం అనవద్దు.

రెండవది, ఇంతకంటే నన్ను ఎక్కువగా బాధిస్తున్న తప్పు. మా పత్రిక సైటులో ‘సాఫ్ట్‌వేర్’ అని సరిగ్గా టైపు చేసి పంపితే, అచ్చయ్యేసరికి టకారం కింద వకారపు ఒత్తు చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతోంది. ‘బస్‌స్టాండ్’ దీ అదే గతి. మా సాంకేతిక సిబ్బందిని అడిగితే, మేమేమీ మార్చడం లేదంటారు. రోజుకు ఇలాంటివి ఎన్నో చేత్తో దిద్దుతున్నాను, మరుసటి రోజు అవే మళ్ళీ వస్తున్నాయి. ఇదీ మీరు చెప్పే లైబ్రరీల పనేనా?

లిపిమిత్ర | 2024 జూన్ 10, ఉదయం 9:10

అచ్చుతప్పు గారూ, మీరు చెప్పిన మొదటి సంగతి చాలా విలువైనది. నేనూ ఆ పొరపాటు చేశాను, ఇకపై చేయను.

రెండవ దానికి కారణం ఇది. ‘సాఫ్ట్‌వేర్’ లో పొల్లుకూ వకారానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పొల్లును పొల్లుగానే ఉంచు, తరువాతి హల్లును ఒత్తుగా మార్చవద్దు అని ఫాంటుకు చెప్పేది అదే. పాఠ్యాన్ని శుభ్రం చేసే లైబ్రరీలు చాలావాటికి కనిపించని గుర్తులన్నీ చెత్త కిందే లెక్క. ఎడిటరులో టైపు చేసిన దానికీ డేటాబేసులో చేరిన దానికీ మధ్య ఎక్కడో ఆ తుడుపు జరుగుతోంది. మీ సిబ్బంది ఏమీ మార్చడం లేదన్నదీ నిజమే, వారు వాడుతున్న ఏదో ఒక సాధనం మారుస్తోంది.

నేతమగ్గం | 2024 జూన్ 10, రాత్రి 10:25

అచ్చుతప్పు గారి సందేశం చదివి మా లైబ్రరీని మళ్ళీ తెరిచి చూశాను. కుదించడానికి ముందు శుభ్రం చేసే ఫంక్షను ఒకటి ఇందులోనూ ఉంది, అదీ ఆ గుర్తును తుడిచేస్తోంది. మా మాసపత్రిక సైటులో ‘ఫేస్‌బుక్’, ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలు వెతికి చూస్తే, వ్యాసంలో సరిగ్గా ఉండి శీర్షికల జాబితాలో తప్పుగా ఉన్నాయి. ఇన్నాళ్ళుగా మేమెవరమూ గమనించలేదు. ఇందుకు నిజంగా సిగ్గుపడుతున్నాను, మనం రోజూ చదివే లిపి ఇది.

మా సంస్థలో అనుమతి అడిగాను. పెద్దవారు మొదట వెనకాడినా, పద్నాలుగు నెలల సంగతి గుర్తుచేసేసరికి మెత్తబడ్డారు. ఈ రెండు సవరణలను ఎమ్‌ఐటీ లైసెన్స్ కింద ఇవ్వడానికి అభ్యంతరం లేదని ఈమెయిల్ ఇచ్చారు. అచ్చుతప్పు గారూ, పరీక్షల కోసం మీ నుంచి కొన్ని మాటలు కోరుతున్నాను. మామూలు వాడుకలో ఉన్నవి, వీలైనంత చిక్కుగా ఉన్నవి కావాలి.

పాతగట్టు | 2024 జూన్ 11, ఉదయం 8:00

అనుమతి వచ్చినందుకు సంతోషం. ఇక నా అభ్యంతరాలలో ఒక్కటే మిగిలింది, అది ఖర్చుకు సంబంధించినది. ఈ పరీక్షలు, వివరణలు, ఉత్తర ప్రత్యుత్తరాల సమయాన్ని ఏ ఖాతాదారు పద్దులో రాయాలి? ఆ మాసపత్రిక డబ్బు ఇచ్చింది తన సైటు బాగుచేసుకోవడానికి. అయితే నాకు తోచిన జవాబు కూడా చెబుతాను: ప్రతి కొత్త వెర్షనుకూ మీ దిద్దుబాటును మళ్ళీ అతికించడానికి పట్టే సమయం కూడా ఎవరో ఒకరి పద్దులోకి పోవాలి కదా. రెండేళ్ళ మీద ఏది తక్కువో మీరే లెక్క వేసి మీ పెద్దవారికి చూపించండి. నేను మా సంస్థలో ఆ లెక్క ఎప్పుడూ వేయలేదు, ఇప్పుడు వేయాలనిపిస్తోంది.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో జరిగినది కూడా గుర్తు చేసుకోవాలి. జకారం, పొల్లు, ఞకారం, ఆ కనిపించని గుర్తు, ఆకారపు గుర్తు వరుసగా వస్తే చాలు, సందేశాల యాప్‌లు మూతపడ్డాయి. ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా మన ‘జ్ఞా’ ను చూసి ప్రపంచమంతా భయపడింది. ఆ కోడు తెరిచి చూసే దారి మనకు లేదు. కాచుకుని కూర్చోవడం తప్ప తెలుగువారు చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఇక్కడ మీకు ఆ దారి తెరిచి ఉంది.

అచ్చుతప్పు | 2024 జూన్ 12, ఉదయం 6:30

నేతమగ్గం గారూ, నలభై రెండు మాటలు మీకు విడిగా పంపాను. అందులో లక్ష్మి, రాష్ట్రం, సంస్కృతి, మత్స్య, ఈర్ష్య, సామర్థ్యం, దుఃఖం, విశ్వవిద్యాలయం, జ్ఞానం లాంటివి ఉన్నాయి. పొల్లుతో ముగిసే అన్యదేశ్యాలు పద్నాలుగు ఉన్నాయి. ఒక్కొక్క మాట పక్కన ఎక్కడ విరిస్తే కంటికి ఇబ్బంది ఉండదో గీత గీసి చూపించాను. మీ ప్రమాణంతో సరిపడనివి ఉంటే చెప్పండి, కారణం తెలుసుకోవాలని ఉంది.

నేతమగ్గం | 2024 జూన్ 23, సాయంత్రం 6:15

ఆలస్యానికి మన్నించాలి. ఈ పది రోజులలో జరిగింది చెబుతాను.

మొదట పరీక్షలు మాత్రమే పంపాను, గూటిపడవ గారు చెప్పినట్టే. నలభై రెండు మాటలలో ముప్ఫై ఒకటి విఫలమయ్యాయి. నిర్వాహకుడు మూడో రోజున జవాబిచ్చారు. ఆయనకు మన లిపి బొత్తిగా రాదు, కానీ ఆ ఎర్ర గుర్తులు చూసి వెంటనే విషయం పట్టుకున్నారు. అప్పుడు నా సవరణ పంపాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్నకే నేను చిక్కిపోయాను. నా పట్టికలో కన్నడ కూడా ఉంది, యూనికోడ్ 15.1 జాబితాలో కన్నడ లేదు, మీరు ఎందుకు చేర్చారు అన్నారు. తెలుగు కన్నడ లిపులు అక్కాచెల్లెళ్ళ వంటివి కదా, తెలుగుకు వర్తించేది కన్నడకూ వర్తిస్తుందని నేను అనుకుని చేర్చేశాను. ఆయన చెప్పింది న్యాయం: కన్నడకు ఏమి కావాలో కన్నడం చదివేవారు ప్రమాణం దగ్గర అడగాలి, ఒక చిన్న లైబ్రరీలో నేను తేల్చకూడదు. తీసేశాను.

లిపిమిత్ర గారు ముందే ఊహించినట్టు, బ్రౌజరులో సెగ్మెంటర్ ఉన్నచోట దాన్నే వాడి, లేనిచోట మాత్రమే పట్టికను ఆశ్రయించేలా మార్చమన్నారు. దాంతో నా ముప్ఫై వరుసలలో మిగిలినవి తొమ్మిది. వాటిని నిన్న కలుపుకున్నారు. అచ్చుతప్పు గారి మాటలు మాత్రం నలభై రెండూ పరీక్షలలో అలాగే ఉన్నాయి, వివరణలో ఎక్కడా అక్షరం అన్న పదం లేకుండా చూసుకున్నాను.

కనిపించని గుర్తు సంగతి ఇంకా తేలలేదు. ఆయన దాన్ని వదిలిపెట్టడానికి జంకుతున్నారు, జంకడంలో న్యాయం ఉంది. ఆ గుర్తును ఒక పేరు మధ్యలో దూర్చి, చూడటానికి ఒకేలా ఉండే రెండు ఖాతాలు తెరిచేవారు ఉంటారు. మన ‘సాఫ్ట్‌వేర్’ కోసం ఆ తలుపు తెరవమంటే ఆయన ఎలా ఒప్పుకుంటారు?

లిపిమిత్ర | 2024 జూన్ 23, రాత్రి 8:45

దానికి దారి ఉంది, అదీ కొత్తది కాదు. ఇంటర్నెట్ డొమైన్ పేర్లలో మన లిపులను అనుమతించినప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. 2010లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5892 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దీనికి ఒక షరతు పెట్టింది: ఈ గుర్తుకు సరిగ్గా ముందు పొల్లు ఉంటే అనుమతించు. అరబిక్ లిపి వంటి కలిపి రాసే వాటికి ఇంకో షరతు ఉంది, మనకు దానితో పని లేదు. ‘సాఫ్ట్‌వేర్’ లో టకారపు పొల్లు తరువాత వస్తుంది కాబట్టి నిలుస్తుంది. ఇంగ్లీషు పేరు మధ్యలో దూర్చితే తుడిచిపెట్టుకుపోతుంది. పొల్లు తరువాత ఊరికే పెట్టి మోసం చేసే అవకాశం కొంత మిగులుతుంది, కనుక ఖాతా పేర్లకు ఇంకా గట్టి నియమం ఉంచుకొమ్మని, వ్యాసాలకు, శీర్షికలకు ఈ షరతు చాలునని ఆయనకు రాయండి. రెండింటికీ ఒకే ఫంక్షను వాడటమే అసలు తప్పు.

తొలిఅడుగు | 2024 జూన్ 24, ఉదయం 7:40

నేతమగ్గం గారూ, ఇది వేరే ఎవరూ మొదలుపెట్టకపోతే నేను రాస్తాను. నిన్న రాత్రి లైబ్రరీ కోడు దించుకుని శుభ్రం చేసే ఫంక్షను చదివాను. పొల్లు తరువాత వచ్చే గుర్తును వదిలేయడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనులో (పాఠ్యంలో నమూనాలు వెతికే సూత్రంలో) ఒక చిన్న షరతు సరిపోతుంది, కానీ సఫారీ బ్రౌజరు పాత వెర్షన్లలో లుక్‌బిహైండ్ (ముందు ఏముందో చూసే షరతు) పనిచేయదు కాబట్టి ఇంకోలా రాయవలసి ఉంది.

నేతమగ్గం | 2024 జూన్ 24, ఉదయం 9:05

తప్పకుండా మీరే రాయండి. ఆ చర్చలో మీ గురించి ఈరోజే ఒక మాట రాసిపెడతాను. కత్తిరింపు సవరణతో కొత్త వెర్షను వచ్చే వారం విడుదల చేస్తామన్నారు. అది రాగానే మా సర్వరులో ఉన్న దిద్దిన కాపీని తీసేసి మూలానికి మారిపోతాము. రెండేళ్ళుగా కదపకుండా ఉంచిన ఆ ఇంకో లైబ్రరీ దిద్దుబాటును కూడా ఈ నెలలోనే బయటికి తీస్తున్నాను.

అచ్చుతప్పు | 2024 జూన్ 24, మధ్యాహ్నం 1:20

తొలిఅడుగు గారూ, మీకూ మాటలు కావాలి కదా. ఈ గుర్తు ఉండవలసినవి పద్దెనిమిది, ఉండకూడనివి పన్నెండు సిద్ధం చేస్తున్నాను. ‘ఉద్యోగం’ మధ్యలో ఎవరైనా పొరపాటున ఆ గుర్తు పెడితే దకారపు పొల్లు విడిగా నిలబడిపోతుంది, పైన చెప్పిన షరతు దాన్ని పట్టుకోలేదు. అలాంటివి నాకు రోజూ తగులుతాయి. అవి కూడా జాబితాలో వేరుగా గుర్తుపెట్టి రాత్రికి పంపుతాను.

తొలిఅడుగు | 2024 జూన్ 24, రాత్రి 11:50

జాబితా అందిందండీ. ‘ఉద్యోగం’ లాంటివాటిని లైబ్రరీ పట్టుకోలేదని, అది రాసేవారి చేతిలోనే ఉంటుందని వివరణలో స్పష్టంగా రాశాను. పరీక్షలు ముప్ఫై, వివరణ పదకొండు వాక్యాలు. ఇంగ్లీషు ఒకసారి చూసిపెట్టమని గూటిపడవ గారికి విడిగా పంపాను. వారు సరేనంటే రేపు పొద్దున తరగతికి వెళ్ళేలోపు పంపేస్తాను.